ఓడుతున్నాడన్న మాట

ఈ సంగతిని నేను చాలామందికి నవ్వుతూ చెప్పాను. రిపేరు షాపుల వాళ్లం నలుగురం ఎక్కడ కలిసినా ఎవరో ఒకరు "ఆ కన్నడ మాట ముచ్చట చెప్పు" అనేవారు. చెప్పేవాణ్ని, అందరూ నవ్వేవారు. కానీ చెప్పిన ప్రతిసారీ అందులోంచి ఒక వాక్యాన్ని మింగేశాను. అది నేనన్న వాక్యమే. ఆ మాట విన్నాక ఒక మనిషి తన పనికి తిరిగి పోలేదు. అది తప్పని తెలిశాక కూడా నేను చాలాకాలం నోరు విప్పలేదు.

ఇప్పుడు షాపు నాది కాదు. సన్నని టంకం పనికి కళ్లు సహకరించక భాగస్వామికి అప్పగించేశాను. కాపాడుకోవలసిన పేరు కూడా పెద్దగా మిగల్లేదు. కాబట్టి ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకోసం మొత్తం రాస్తున్నాను, మింగిన వాక్యంతో సహా.

మా షాపు వికారాబాద్ స్టేషన్ నుంచి ఊళ్లోకి వచ్చే దారిలో ఉండేది. టీవీలతో మొదలుపెట్టి, టీవీలు గోడకు అతుక్కుపోయాక సెల్‌ఫోన్లలోకి దిగాను. ఆ తర్వాత వచ్చాయి ఈ చేతిలో పట్టే గేమ్ మిషన్లు. అరచేతి కన్నా కాస్త పెద్దవి. మా చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన ఆటలన్నీ వాటిలో ఆడతాయి. నలభై దాటినవాళ్లు వచ్చి "పిల్లలకు సార్" అని కొనేవారు. పిల్లల పేరు చెప్పి కౌంటరు దగ్గరే నిలబడి గంటసేపు ఆడేవారు.

వాటి లోపల జరిగేది నాకు భలే వింతగా ఉండేది. పాత ఆటలు పాత మిషన్ కోసం రాసినవి. వేరే దాని మీద నడవవు. అందుకని ఈ కొత్త మిషన్ పాత మిషన్ వేషం కడుతుంది. పగటివేషగాడు పోలీసు టోపీ పెట్టుకుని వస్తే కోమటి నిజంగానే గల్లాపెట్టె మీద చెయ్యి వేసినట్టు, ఆట కూడా నమ్మేస్తుంది. "నువ్వు అదేనా?" అని ఆట అడిగిన ప్రతి ప్రశ్నకూ "అవును, నేను అదే" అని ఇది జవాబు చెబుతుంది. వేషం ఎక్కడ తేలిపోతుందా అని వెతకడం నాకు సరదా. ఒక ఆటలో నీళ్ల రంగు మారేది. ఇంకోదాంట్లో తుపాకీ చప్పుడు తుమ్ములా వినిపించేది. అవి పట్టుకున్నప్పుడల్లా మీసం మెలేసేవాణ్ని. చూడవలసిన ఒక్కచోట మాత్రం చూడలేదు.

ఇక ఆ మనిషి సంగతి. ఆయన్ను నేను అన్నా అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. తాండూరులో ఒక టీవీ మెకానిక్ దగ్గర నేను పని నేర్చుకునే రోజుల్లో పక్కగదిలో వీడియో గేమ్ షాపు ఉండేది. అక్కడి క్యాసెట్లన్నీ నకళ్లకు నకళ్లు. పైన అతికించిన బొమ్మ ఒకటి, లోపల ఆట ఒకటి. ఆటల అసలు పేర్లు మాకు తెలియవు. ఒక మనిషి పరుగెత్తుతూ గుంటలు దూకే ఆటను 'గుంటల ఆట' అనేవాళ్లం. చివర్లో ఒక పెద్ద గుంట. అందులో పడనివాడు ఊళ్లో ఒక్కడే, మా అన్న.

అన్న నాపరాయి పాలిషింగ్ యూనిట్లో కటింగ్ మిషన్ మీద పనిచేసేవాడు. సెలవు రోజున, కనుబొమల మీద ఇంకా పోని రాతిపొడితో వచ్చి కూర్చునేవాడు. తమాషా ఏమిటంటే టీవీ వైపు సరిగా చూసేవాడు కాదు. గుమ్మంలో ఎవరితోనో మాట్లాడుతూనే పెద్ద గుంట దాటేసేవాడు. ఎట్లా అని అడిగితే ఒకటే మాట.

"చూసి దుంకితే పడ్తవ్ తమ్మీ. విని దుంకాలె."

ఆటలో ఒక పాట వస్తుంటుంది కదా, ఆ పాట ఆయన లోపల నడిచేది. పాటలో ఫలానా మలుపు రాగానే బొటనవేలు దానంతట అదే నొక్కేది. రాయి కోసేటప్పుడూ అంతేనట. బ్లేడు చప్పుడు మారగానే చెయ్యి ఆగాలి. ఆ పనిలో ఆయన ఈడు వాళ్లలో సగంమందికి వేళ్లు పూర్తిగా లేవు. ఆయనకు పదీ ఉన్నాయి.

ఆ పది వేళ్లలో అయిదు ఒక పొద్దున పడిపోయాయి. పక్షవాతం. కాలు తొందరగానే కోలుకుంది, కుడిచెయ్యి మాత్రం మొరాయించింది. వ్యాయామం చేయించుకోవడానికి తాండూరు నుంచి రైల్లో వికారాబాద్ ఆస్పత్రికి వచ్చేవాడు. అట్లా వచ్చినప్పుడే ఇన్నేళ్ల తర్వాత మళ్లీ కలిశాం. ఆయన బిడ్డ వికారాబాద్‌లోనే డిగ్రీ చదువుతుండేది. వేళ్లు కదలడానికి మంచిదని ఆ అమ్మాయే గేమ్ మిషన్ ఒకటి తెప్పించి నా దగ్గరికి తెచ్చింది.

"కాకా, మా నాయిన ఎప్పుడూ చెప్తడు గదా, ఆ గుంటల ఆట. గది ఎక్కియ్యి. రబ్బరు బంతి పిసుకుమంటే పిసుకడు, గిదైతే వద్దన్నా ఆడ్తడు."

ఎక్కించాను. కొన్ని నెలలు అన్న ఆస్పత్రి నుంచి నేరుగా మా షాపుకు రావడం, స్టూలు మీద కూర్చుని ఆడడం అలవాటైంది. మొదట్లో బొటనవేలు బటన్ మీద నిలిచేదే కాదు. నిలిచింది. నొక్కడం వచ్చింది. చిన్న గుంటలు అక్కడక్కడా దాటాడు. వాళ్ల యూనిట్ సేటు కూడా మంచివాడే. "నీ మిషన్ మీద ఇంకొకర్ని పర్మినెంటుగా పెట్టలేదు. వస్తవో రావో దసరా దాటినంక చెప్పు" అన్నాడట.

దసరా దాటింది. అన్న, ఆయన బిడ్డ ఇద్దరూ వచ్చారు. షాపులో నేనూ నా భాగస్వామీ ఉన్నాం. భాగస్వామిది సరిహద్దు అవతలి ఊరు. ఇంట్లో కన్నడం, అప్పటికి మా దగ్గరకొచ్చి ఎన్నాళ్లో కాలేదు. తెలుగు మాటలు తెలియనిచోట కన్నడ మాటకు తెలుగు తోక తగిలించి పని జరుపుకునేవాడు.

అన్న స్టూలు మీద కూర్చుంటూ అన్నాడు. "ఇయ్యాల పెద్ద గుంట దాటిన్నంటే రేపు సేటుకు వస్తున్న అని చెప్త. లేకుంటే లేదు."

బిడ్డకు కోపం వచ్చింది. "నాయినా, ఆటకు పనికి ఏం సంబంధం? పిచ్చిగిట్ల లేసిందా?"

"సంబంధం ఉన్నది బిడ్డా. బ్లేడు కాడ చెయ్యి ఏళకు ఆగాలె, గీడ ఏళకు లేవాలె. రెండూ ఒకటే. నాకాడ గా ఏళ ఉన్నదా పోయిందా, గదే చూస్తున్న."

ఆడాడు. పెద్ద గుంట అంచు దగ్గర పడ్డాడు. మళ్లీ ఆడాడు. మళ్లీ అదే అంచు. ఎన్నిసార్లు ఆడినా అదే అంచు, అదే పడడం. మనిషి గుంటలోకి జారిన తర్వాత అన్న బొటనవేలు బటన్ నొక్కేది. ఫోన్ విప్పుతూ పక్కనుంచి చూస్తున్న నా భాగస్వామి ఉన్నట్టుండి అన్నాడు.

"అబ్బా, ఏం జోరు ఓడుతున్నడు!"

అమ్మాయి గిర్రున తిరిగింది.

"మొకం మీద్నే ఓడుతున్నడు అంటరా? మనిషి బాధల ఉంటే!"

"అయ్యో, నేను ఏం అన్న అక్కా? ఓడుతున్నడే గదా? మస్తు ఓడుతున్నడు!"

నేను వాణ్ని కసిరి వెనక గదిలోకి పంపాను. నేను నలుగురికీ చెప్పే కథలో ఇక్కడ అందరూ నవ్వుతారు. ఎందుకంటే కన్నడంలో ఓడడమంటే పరుగెత్తడం. వాడన్నది అన్న గురించి కాదు, ఆటలో మనిషి గురించి. మరీ వేగంగా పరుగెత్తుతున్నాడని. వాడికి ఆ ఆట చిన్నప్పటి నుంచీ తెలుసు, ఆ పరుగు వాడి కంటికి తేడాగా కనిపించింది. ఒక మాట, రెండు భాషలు, నవ్వు. కథ అక్కడితో ఆపేవాణ్ని.

ఆపకుండా చెప్పాల్సింది ఇది. అన్న మిషన్ను అటూ ఇటూ తిప్పి చూసి నన్ను అడిగాడు. "తమ్మీ, నువ్వు మెకానిక్‌వి. నిజం చెప్పు. లోపం ఏడున్నది?"

నేను మిషన్ను చేతిలోకి కూడా తీసుకోలేదు. కౌంటరు దగ్గర వేరే గిరాకీ ఉంది. అద్దాల అరలో అలాంటి మిషన్లే వరుసగా అమ్మకానికి పెట్టి ఉన్నాయి.

"మిషినైతే మంచిగనే ఉన్నది. నీ చెయ్యే ఇంక రాలే అన్నా."

ఇదీ ఆ వాక్యం. ఆ క్షణంలో అబద్ధమాడుతున్నానని నాకు తెలియదు. తెలుసుకోవాలనీ చూడలేదు.

మీరు ఈ పని నేర్చుకుంటున్నవాళ్లు కదా, ఇది గుర్తుపెట్టుకోండి. చెయ్యి తప్పితే ఒకసారి ముందు తప్పుతుంది, ఒకసారి వెనక తప్పుతుంది. ప్రతిసారీ ఒకేచోట, ఒకేలా తప్పుతుంటే అది మనిషి తప్పు కాదు, మిషన్ తప్పు. రేడియో అయినా, ఫ్యాను అయినా, ఏదైనా ఇదే. ఈ సూత్రం నాకు పని నేర్పిన మెకానిక్ మొట్టమొదట చెప్పిందే. అది నా కళ్ల ముందు అన్నిసార్లు జరుగుతుంటే నేను చూడలేదు.

అన్న మిషన్ను ఎడమచేత్తో మెల్లగా కౌంటరు మీద పెట్టాడు. "గట్లనా. సరే తీ" అన్నాడు. సేటుకు రానని చెప్పాడు. సేటు గేటు దగ్గర పని ఇచ్చాడు, లారీల్లోకి ఎక్కే రాళ్లలో విరిగినవి ఏరడం. కొంతకాలానికి అమ్మాయి తన ఫోన్ ఛార్జరు కోసం వచ్చి చెప్పింది.

"ఆస్పత్రికి వస్తలేడు కాకా. చెయ్యే రానప్పుడు రైలెక్కుడు దేనికి అంటుండు. గేమ్ బీరువల పెట్టిండు."

అయ్యో అన్నాను. ఛార్జరు ఇచ్చాను.

ఆ ఎండాకాలం బంట్వారం నుంచి ఒక పంతులుగారు సంచిలో పాత టీవీ గేమ్ ఒకటి తెచ్చారు. అటక మీద దొరికిందట, నడిస్తే బడిపిల్లలకు చూపిస్తానన్నారు. తీగలు అతికి పాత టీవీకి తగిలించాను. అదృష్టమో దురదృష్టమో, అందులో ఉన్నది గుంటల ఆట క్యాసెట్టే. పాట మొదలైంది. నిదానంగా, తీరిగ్గా, ఎద్దులబండి పొలం దారిలో పోతున్నట్టుగా.

"లో వోల్టేజ్ సార్," అన్నాను. మా పనిలో ఏది అర్థం కాకపోయినా మొదట చెప్పే మాట అదే. అడాప్టరు మార్చాను. పాట అట్లాగే ఉంది. ఇంకోటి మార్చాను. అదే నిదానం.

భాగస్వామి తల ఎత్తకుండానే అన్నాడు. "వోల్టేజ్ కాదు అణ్ణా. ఇది కరెక్ట్ ఓడుతుంది."

"ఓడుడేందిరా? ఆట ఇంక మొదలే పెట్టలే."

"ఓడోదు, అణ్ణా, ఓడోదు!" అంటూ వాడు రెండు వేళ్లను కాళ్లలా చేసి కౌంటరు మీద టకటకా పరుగెత్తించి చూపించాడు.

పంతులుగారు పకపకా నవ్వారు. "పరుగు అంటుండు సార్. మా దిక్కు సంతకు కన్నడపోళ్లు వస్తరు, మాకు ఎర్కే."

నాకూ నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే దసరా తర్వాతి ఆ రోజు గుర్తొచ్చింది. అద్దాల అరలోంచి కొత్త మిషన్ ఒకటి తీసి అదే ఆట పెట్టి పక్కపక్కన నడిపించాను. పాత దాంట్లో మనిషి నడుము ఊపుకుంటూ పరుగెత్తుతున్నాడు. కొత్త దాంట్లో వెనక కుక్క పడ్డట్టు పరుగెత్తుతున్నాడు.

తర్వాత కారణం వెతికి తెలుసుకున్నాను. చిన్నదే. ఆట పుట్టిన దేశంలో టీవీలు సెకనుకు అరవైసార్లు బొమ్మ గీసేవి. మన టీవీలు యాభైసార్లు. ఆటలో అడుగు, గుంట, పాట అన్నీ ఆ బొమ్మల లెక్క మీదే నడుస్తాయి. కాబట్టి మన దగ్గర దొరికిన నకలు మిషన్లలో అన్నీ కాస్త నిదానంగా నడిచేవి. మేం మా బాల్యమంతా ఆ నిదానంలోనే ఆడాం, అదే అసలు వేగమనుకున్నాం. కొత్త మిషన్ వేషం కట్టింది, కానీ అక్కడి మిషన్ వేషం. అన్న లోపల నడిచే పాట తాండూరు పాట. బటన్ నొక్కవలసిన చోట ఆయన సరిగ్గానే నొక్కాడు. పాటే ఆయన్ను దాటి ముందుకు పోయింది. సరిచెయ్యడానికి సెట్టింగుల్లో ఒక్క వరుస మార్చాలి. అంతే.

అదే రోజు తాండూరు రైలు ఎక్కి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే ఉండేది కాదు. ఎక్కలేదు. అప్పటికే అలాంటి మిషన్లు చాలా అమ్మాను, అన్నింటిలోనూ అదే తప్పు. వచ్చినవాళ్లకు "సర్వీసు చేస్తా" అని తీసుకుని చప్పుడు కాకుండా సరిచేసి ఇచ్చేవాణ్ని. "ఇప్పుడు మస్తుగుంది సార్, ఏం చేసిండ్రు?" అని మెచ్చుకుంటే ఆ మెప్పు కూడా పుచ్చుకున్నాను. అన్నకు చెప్పకపోవడానికి మాత్రం రోజుకొక సాకు దొరికేది. అన్నింటికన్నా గట్టి సాకు బ్లేడు. చెయ్యి పూర్తిగా రాని మనిషి బ్లేడు ముందు కూర్చుంటే ఏమయ్యేదో, నా మాట వల్ల వేళ్లు మిగిలాయేమో అని నాకు నేనే పుణ్యం రాసుకున్నాను. ఆ సంగతి తేల్చుకోవలసింది ఆయన కదా, నేనెవర్ని? ఆ ప్రశ్న దాకా నన్ను నేను పోనిచ్చేవాణ్ని కాదు. దానికి బదులు కన్నడ మాట కథ అల్లుకుని నలుగురినీ నవ్విస్తూ తిరిగాను.

షాపు తాళాలు ఇచ్చిన రోజు భాగస్వామి వాటిని జేబులో వేసుకుంటూ అడిగాడు. అప్పటికి వాడి తెలుగు నా తెలుగు కన్నా బాగుంది.

"ఆ తాండూరు అన్నకు చెప్పినవా?"

"ఏం చెప్పాలె?"

"నేను ఆ దినం సరిగ్గనే చెప్పిన గదా. నా మాట మీకు సమజ్ కాలే, సరే. తర్వాత నీకు సమజ్ అయింది గదా, మరి ఆయనకు చెప్పలేదా?"

వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలియక అడిగాడు. అందుకే తట్టుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున రైలెక్కాను. ధారూర్ దాటాక కందిచేలు మొదలయ్యాయి. ఏం చెప్పాలో వరుసగా పేర్చుకున్నాను. మొదట యాభై, అరవై సంగతి. ఆ తర్వాత కన్నడ మాట పొరపాటు. ఆ తర్వాత నా తప్పు. అది చివర్లో, వీలైనంత చిన్నగా.

యూనిట్ గేటు దగ్గర బ్లేడ్ల రొద. కాలువలో తెల్లటి రాతినీళ్లు పారుతున్నాయి. అన్న రాళ్ల దొంతి మీద కూర్చుని ఉన్నాడు. కుడిచేతి వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. షాపుకు వచ్చిన రోజుల్లో అవి ఇంతకన్నా విచ్చుకునేవి.

"ఏంది తమ్మీ, తొవ్వ తప్పినవా?"

సరిచేసిన మిషన్ ఒకటి వెంట తెచ్చాను. ఏమీ చెప్పకుండా ఆయన చేతిలో పెట్టి ఆట మొదలుపెట్టాను. ఆడలేదు. పాట మాత్రం తల వంచి విన్నాడు. బ్లేడ్ల రొదలో కూడా విన్నాడు.

"గిదీ పాట," అన్నాడు. "మరి నీ షాపుల ఇన్నదేంది?"

చెప్పాను. వరుస తప్పకుండా యాభై, అరవై సంగతంతా చెప్పాను. ఆయన వింటూనే ఎడమచేత్తో కుడి బొటనవేలిని లాగి బటన్ మీద కూర్చోబెట్టుకున్నాడు. చిన్న గుంటలు దాటాడు. పెద్ద గుంట దగ్గర తొందరపడి ముందే దూకి పడ్డాడు. మళ్లీ ఆడి ఆలస్యంగా దూకి పడ్డాడు. మూడోసారి మళ్లీ ముందే. పడ్డప్పుడల్లా ఆయన ముఖం విప్పారుతోంది.

"గిది నా చెయ్యే," అన్నాడు నవ్వుతూ. "సూడు, ఒక్కోపారి ఒక్కోతీరు పడ్తున్న. గప్పుడు పడ్డది నేను కాదు."

ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది. రెండో సంగతి ఎత్తుకున్నాను. "మా వాడు ఆ దినం చెప్పనే చెప్పిండు అన్నా. ఓడుతున్నడు అంటే కన్నడంల పరుగెత్తుతున్నడని. మనం ఉల్టా సమజ్ చేసుకున్నం."

అన్న తల తిప్పి యూనిట్ లోపలికి చూపించాడు. రాళ్లు మోస్తున్నవాళ్లు ఒకర్నొకరు కన్నడంలో కేకేసుకుంటున్నారు.

"నా జిందగీ అంత గీళ్లతోని ఎల్లింది తమ్మీ. ఓడుడు అంటే ఏందో నాకు ఎర్క లేదా? గా పోరడు జోరుగ ఉర్కుతుండు అన్నడు, నాకు గప్పుడే సమజైంది. నాకూ గట్లనే అనిపించింది. అందుకే నిన్ను అడిగిన, లోపం ఏడున్నదని. నువ్వు సూస్తవనుకున్న. నేను ఆడుతుంటే సూసే చెప్పినవనుకున్న."

కోపంగా అనలేదు. జరిగింది జరిగినట్టు అన్నాడు. ఇన్నాళ్లూ నన్ను దాచిపెట్టిన ఆ కన్నడ మాట కూడా నాకు లేకుండా పోయింది. నేను ఏదో అనబోయాను.

"జర ఆగు. పాట ఇననియ్యి," అన్నాడు మళ్లీ బటన్ నొక్కుతూ.

ఆటలో ఆయన పరుగెత్తాడు, దూకాడు, పడ్డాడు. పాట ఆగేదాకా నేను ఆగాను. ఆ తర్వాత చెప్పాను.

"అన్నా, నేను సూడకుండనే చెప్పిన. తెలిసినంక గూడ చెప్పలే. మిషిన్‌ది కాదు, మాటది కాదు, నీ చెయ్యిది అసలే కాదు. తప్పు నాది. మాఫ్ చెయ్యి."